రిమార్కుల గడి

ఐలయ్యకు పెట్టిన అన్నాన్ని తొమ్మిది గంటలు దాటినా ఏ పిట్టా ముట్టలేదు.

హిమాయత్ సాగర్ ఒడ్డున, కొత్వాల్‌గూడ వైపు, ఒక బండ మీద మోదుగ విస్తరి పరిచి, అందులో అన్నం, కోడికూర, రెండు గారెలు, ఒక ఉడికించిన గుడ్డు పెట్టారు. పక్కన బీడీకట్ట పెట్టారు. మనిషి పోయిన మూడోనాడు అతనికి ఇష్టమైనవి వండి ఇలా ఆరుబయట ఉంచి, కాకి గాని మరో పిట్ట గాని వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు దూరంగా కూర్చుని కనిపెట్టుకుని ఉండడం మా ప్రాంతపు ఆచారం. అంతవరకు ఎవరూ మెతుకు నోట పెట్టరు. పిట్ట రాకపోతే పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం చెప్పుకుంటారు. ఒక్కొక్కరే విస్తరి దగ్గరికి వెళ్లి, ఆ మిగిలినదేదో ఊహించి, తీరుస్తామని మాట ఇస్తారు.

పిట్టలు లేకపోలేదు. నీటి అంచున కొంగలున్నాయి. సర్కారు తుమ్మ మీద నాలుగు కాకులు కూర్చుని విస్తరిని వదిలేసి మమ్మల్ని చూస్తున్నాయి. అవతల రింగు రోడ్డు మీద లారీల మోత. కొద్ది నిమిషాలకొకసారి చక్రాలు దించుకుని మా తలల మీదుగా శంషాబాద్ వైపు వాలుతున్న విమానం.

"పన్నెండేండ్లు తరిమి తరిమి కొట్టినోడు ఇయ్యాల పిలిస్తే ఏ పిట్టొస్తది?" అన్నాడు మల్లేశ్వర్. అతడు ఐలయ్య భార్య కొండమ్మకు తమ్ముడు. బుద్వేల్ పక్క ప్లాట్లు అమ్మించే పని చేస్తాడు. "అగో, మాట్లాడుకుంటున్నయి సూడు. గీడేనే, గా చప్పుడు గొట్టపోడు, అంటున్నయి."

నలుగురు నవ్వారు. కొండమ్మ కూడా నవ్వింది.

నేను నవ్వలేదు. నాకు డెబ్బై ఆరేళ్లు. నవ్వడానికి అక్కడికి వెళ్లలేదు. నా చేతిసంచిలో ఐలయ్య తరఫున నేను రాసిన నాలుగు ఫిర్యాదుల నకళ్లున్నాయి. అతణ్ణి పని నుంచి తొలగిస్తూ ఇచ్చిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: "ఇతని మానసిక స్థితి విధులకు తగినట్లుగా లేదు." ఆ వాక్యం అబద్ధమని, దాని కింద సంతకం చేసిన మనిషి చేతనే, ఆ విస్తరి ముందు, అందరూ వింటుండగా చెప్పించాలన్నది నా పట్టుదల. ఆ మనిషి పేరు అరుణ్‌కుమార్. మూడోనాటికి వస్తానని అతడు కొండమ్మకు ఫోన్ చేసి చెప్పాడు.

ఐలయ్య పోయాడని మల్లేశ్వర్ ఫోన్ చేసినప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. శంషాబాద్ దవాఖానకు తీసుకుపోయేలోపే గుండె ఆగిందని చెప్పాడు. ఫోన్ పెట్టేసి మిగిలిన కాయలకు కూడా ఈనెలు తీశాను. కూర వండుకుని, తిని, పళ్లెం కడిగి బోర్లించి, అప్పుడు ఆటో పిలిచాను. ఆ మూడు రోజుల్లో నాలో కదిలినదేమైనా ఉందంటే అది ఆ ఒక్క వాక్యం మాత్రమే.

ఐలయ్య శంషాబాద్ హైస్కూల్లో ఏడో తరగతి నా దగ్గర చదివాడు. పదో తరగతి దాటలేదు. వాళ్ల నాయన పొలం విమానాశ్రయంలో కలిసింది. కొన్నేళ్ల తర్వాత ఆ నేల మీదే అతనికి పని దొరికింది. రన్‌వే దగ్గర వాలే పిట్టలను తోలే పని గుత్తకు తీసుకున్న ఒక ఏజెన్సీలో చేరాడు. ఒక ఈల, కొన్ని పటాకులు, దద్దరిల్లేటట్లు మోగే ఒక గొట్టం అతనికి ఇచ్చారు. తోలిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి: సమయం, చోటు, ఏ పిట్ట, ఎన్ని, తీసుకున్న చర్య. అన్నిటికీ చివర రిమార్కులు అనే గడి ఒకటి ఉండేది. తక్కినవాళ్లు అందులో "లేవు" అని రాసేవారు. ఐలయ్య పన్నెండేళ్లపాటు ఆ గడిని ఖాళీగా వదలలేదు.

డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా గేటు ముందు బండి ఆపేవాడు. మెట్ల మీద కూర్చోమంటే కూర్చోడు. నిలబడి, చేతులు కట్టుకుని, ఆ రోజు రాసినది బడిలో పద్యం అప్పజెప్పినట్లు అప్పజెప్పేవాడు. యాభై దాటిన మనిషి.

"పొద్దుగాల ఆరు పది. తూర్పు కొస. కొంగలు, పదకొండు. చప్పుడు చేయబడినది," అని ముందు అధికారభాషలో చెప్పి, గొంతు సవరించుకునేవాడు.

*కొంగకు పట్టా లేదు.*
*నాకు గూడ లేదు.*
*అది ఎగిరిపోయింది.*
*నేను డ్యూటీల ఉన్న.*

ఇంకోనాడు తీతువు గురించి.

*తీతువు కూస్తే చావంటరు.*
*గుడ్డు పెట్టినప్పుడు గూడ అది గట్లనే కూస్తది.*
*మనం సగమే విన్నం.*

"దీని భావమేమిటి?" అని అడిగేదాన్ని. అడగడం నా వృత్తి.

"భావమా టీచరమ్మా? పిట్టకు సమజైంది, లేచిపోయింది. మీకే కాలే."

విమానాల గురించి అతడు అన్నది నాకు ఇప్పటికీ కంఠస్థం.

*పైకి పోయేటోనికి ఊరు చిన్నగ కనబడతది.*
*కిందున్నోనికి విమానం చిన్నగ కనబడతది.*
*ఇద్దరు తప్పే కొలిచిండ్రు.*
*ఇద్దరు మంచిగనే నిద్రపోతరు.*

కొండమ్మ గురించి కూడా ఒకటి ఉంది. ఆమె దానిని తన ఎదుటే చెప్పించుకుని, విని, అతని చేతికి చీపురు ఇచ్చిందట.

*ఇంట్ల ఆమె కోపం రన్‌వే లెక్క.*
*మస్తు పొడుగుంటది.*
*బండి ఆగాల్నంటే గంత పొడుగు ఉండాలె.*

ఇన్ని మాటలు పిట్టల రిజిస్టరులో పడి మగ్గడం అన్యాయమని నాకు తోచింది. పోయిన ఏడాది ఇరవై రిమార్కులు శుభ్రంగా రాసి, నగరంలో వెలువడే ఒక వారపత్రికకు పంపాను.

"పేరెయ్యకు టీచరమ్మా," అన్నాడు ఐలయ్య. "ఊకెనే ఎవడో అన్నడని ఎయ్యి. జర నిమ్మళంగుంట."

"కవిత కింద కవి పేరు వేయకపోవడం దొంగలకు తలుపు తీసిపెట్టడమే," అన్నాను.

పేరు వేయించాను. ఉద్యోగం ఏమిటో కూడా వేయించాను. రిజిస్టరులో ఉన్నట్లే తేదీ, సమయం, చోటు, పిట్టల సంఖ్య ప్రతి కవిత పైన అచ్చువేయించాను. ఆ వివరాల పక్కన ఉన్నప్పుడే ఆ మాటలకు అందమని నా నిర్ణయం. పత్రిక వచ్చిన నెలలోపే అతని పని పోయింది.

తొలగింపు ఉత్తరంలో పత్రిక ప్రస్తావన లేదు. రిజిస్టరులో అసంబద్ధమైన రాతలు రాస్తున్నాడని, మానసిక స్థితి బాగా లేదని మాత్రమే ఉంది. రోజూ ఆ రిజిస్టరు చూసి సంతకం పెట్టే సూపర్‌వైజరు అరుణ్‌కుమార్. ఉత్తరం కింద సంతకమూ అతనిదే. ఫిర్యాదు రాసేటప్పుడు ముద్దాయి పేరు మొదటి పంక్తిలో ఉండాలని, విశేషణాలు వాడకూడదని కాన్వెంటులో మా సిస్టర్ నేర్పింది. ఆ ప్రకారమే రాశాను. ఏజెన్సీ పెద్ద కార్యాలయానికి మూడు, ఆ పై అధికారులకు ఒకటి. నాలుగింటిలోనూ మొదటి పంక్తిలో అరుణ్‌కుమార్ పేరు ఉంది.

ఐలయ్య అప్పటికి హిమాయత్ సాగర్ కట్ట దగ్గర తోపుడుబండి పెట్టి మక్కకంకులు కాల్చి అమ్ముతున్నాడు. రెండో ఫిర్యాదు చదివి వినిపిస్తే, కంకికి నిమ్మచెక్క రుద్దుతూ అన్నాడు:

"గీ కాయితాలు వద్దు టీచరమ్మా. నేను పిచ్చోన్ని గాదు, పిచ్చోన్ని గాదు అని పదిమందికి చెప్పుకుంట తిరిగితే పదకొండోనికి అనుమానం వస్తది."

"నీ పిరికితనమే వాళ్ల ధైర్యం," అని మందలించాను. అతడు కంకి నా చేతికిచ్చి, "ఉప్పు ఎక్కువైందేమో చూడుండ్రి," అన్నాడు. మూడో ఫిర్యాదు ఆ రాత్రే రాశాను.

*

విస్తరి దగ్గరికి మొదట వెళ్లినది రుక్కమ్మ, ఐలయ్యకు అక్క. నడుము వంగిన మనిషి. గొంతు మాత్రం వంగలేదు.

"తమ్మీ, నీ పెండ్లానికి దిక్కెవలని ఫికర్ జేస్తున్నవా? నేను లేనా? రోజు పిలిచి ఇంత బువ్వ పెడ్త. ఒక్క మెతుకు ముట్టు నాయినా."

"నువ్వు నాకు పెట్టుడేంది వదినా," అంది కొండమ్మ కూర్చున్నచోటి నుంచే. "ఇరవయ్యేండ్ల సంది నేనే గద నీకు పెడుతున్న."

"అబద్ధమాడకే, విస్తరి ముంగట!"

"అబద్ధమాడింది నువ్వు. అందుకే పిట్ట వస్తలేదు."

మళ్లీ నవ్వులు. కాకులు కదలలేదు. ఐలయ్యతో పని చేసినవాళ్లు ఇద్దరు వెళ్లి ఏవో చెప్పి వచ్చారు. తర్వాత కొండమ్మ వెళ్లింది. విస్తరి ముందు గొంతుక్కూర్చుని, బీడీకట్టను అన్నానికి దగ్గరగా జరిపింది. "ఏం గావాల్నో నువ్వే జెప్పు. ఊకోమన్ననాడు ఊకోకపోతివి, చెప్పమంటే ఇయ్యాల ఊకున్నవు," అని లేచి వచ్చేసింది.

మా సిస్టర్ తరగతిలో తప్పు జరిగితే, చేసినవాళ్లు తమంతట తాము లేచి నిలబడేదాకా ఎవరినీ భోజనానికి వదిలేది కాదు. ముప్పై మందిమి ఆకలితో కూర్చుని ఒకరి ముఖాలొకరం చూసుకునేవాళ్లం. నేను ఎన్నడూ నిలబడలేదు. నేను తప్పు చేసేదాన్ని కాదు. ఆ ఒడ్డున కూర్చున్నప్పుడు ఆ తరగతిగది గుర్తుకు వచ్చి, నిలబడవలసినవాడు ఇంకా రాలేదని అనుకున్నాను.

పదిన్నరకు అరుణ్‌కుమార్ వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. బండి దూరంగా ఆపి, చెప్పులు అక్కడే విడిచి, ఎండకు కాలిన నేల మీద వట్టికాళ్లతో నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో అరటిపళ్లు. వాటిని కొండమ్మ పక్కన పెట్టి, విస్తరికి దండం పెట్టి, నా వైపు తిరిగాడు.

"నమస్కారం మేడం. స్వరాజ్యం గారు మీరే కదండీ? మీ చేతిరాత ఎక్కడున్నా గుర్తుపడతాను."

కోస్తా మాట. వెటకారమేమోనని చూశాను. లేదు.

"ఐలయ్య తొలగింపు ఉత్తరం కింద సంతకం మీదేనా?"

"నాదేనండి."

"మానసిక స్థితి బాగా లేదన్న వాక్యం మీరు రాసినదేనా?"

"నేనే రాశానండి."

"అది నిజమా?"

"కాదండి. ఆయనకున్నంత స్థిమితం మా ఆఫీసులో ఎవరికీ లేదు."

తప్పించుకుంటాడని, దానికి తగిన ప్రశ్నలు వరుసగా సిద్ధం చేసుకుని వచ్చాను. అవన్నీ చేతిలోనే మిగిలిపోయాయి.

"అయితే ఆ మాట విస్తరి ముందు నిలబడి చెప్పండి. అందరూ వినాలి."

"చెబుతానండి. ముందు మీరొకసారి పక్కకు వస్తే..."

"పక్కకు రావలసిన అవసరం లేదు. సాక్ష్యం అందరి ముందే చెప్పాలి."

అరుణ్‌కుమార్ కొండమ్మ వైపు చూశాడు. కొండమ్మ నేల మీద పుల్లతో గీస్తున్నది. తల ఎత్తకుండానే అంది: "చెప్పు సారూ. ఆమె ఇనేదాక ఇడ్వది."

అతడు విస్తరి దగ్గరికి వెళ్లలేదు. ఉన్నచోటనే నిలబడి, పై అధికారికి సంజాయిషీ ఇస్తున్నట్లు, ఒకే స్వరంలో చెప్పాడు.

"ఆ రిమార్కులు పన్నెండేళ్లలో ఎవరికీ అడ్డం రాలేదండి. నేను పొద్దున్నే వాటినే ముందు చదివేవాణ్ణి. తర్వాతే పిట్టల సంగతి. ఒకరోజు పెద్దాఫీసు నుంచి నాకో కవరు వచ్చింది. అందులో పత్రిక పేజీ. రన్‌వే ఏ కొస దగ్గర ఏ టైముకు ఎన్ని పిట్టలు వాలుతున్నాయో తేదీలతో సహా ఉన్నాయి. పేరు, ఉద్యోగం కూడా ఉన్నాయి. లోపలి రిజిస్టరు వివరాలు బయటికెలా వచ్చాయని అడిగారు. కావాలని ఇచ్చాడని తేలితే పోలీసు కేసు పెడతామన్నారు. పేరు లేకపోతే ఎవరో అనేవాణ్ణండి. టైములు లేకపోతే కవిత్వం అనేవాణ్ణి. రెండూ ఉన్నాయి."

ఒక విమానం పోయేదాకా అతడు ఆగాడు.

"నేను ఐలయ్య గారిని కూర్చోబెట్టుకుని అడిగాను. ఎవరు పంపారని ఆయన చెప్పలేదు. ఒకటే దారి ఉందన్నాను. మనిషి స్థిమితంగా లేడు, ఎవరితో ఏం చెబుతున్నాడో తెలియదు అని రాస్తే, పని నుంచి తీసేసి అంతటితో వదిలేస్తారు. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదండి. ఆయనే రాయించారు. 'పిచ్చోడని రాయి సారూ,' అన్నారు. 'దొంగ అంటే ఊరంత నమ్ముతది. పిచ్చోడంటే ఇంట్లోళ్లే నమ్ముతరు, వాళ్లకు ముందే ఎరుక' అన్నారు."

మల్లేశ్వర్ పక్కున నవ్వాడు. వెంటనే ఆపుకున్నాడు.

"అది నాకు అతడు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు నాకు తరగతిగది అవతల నుంచి వినిపించినట్లుంది.

"మీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారండి. మీరు ఒకటో ఫిర్యాదు పంపిన రోజే. మీ మీద ఒకటి చెప్పారు కూడా."

"ఏమని?"

"ఇప్పుడెందుకు లెండి."

"చెప్పండి."

అతడు కోస్తా నాలుకతో ఐలయ్య మాటలను జాగ్రత్తగా పలికాడు.

*టీచరమ్మ న్యాయం గావాలంటది.*
*న్యాయం ఎండ అసొంటిది.*
*అందరి మీద పడాలని అడిగేటోళ్లు*
*ముందుగాల గొడుగు తెచ్చుకుంటరు.*

నా ఒళ్లో గొడుగు ఉంది. ఎండాకాలంలో నేను గొడుగు లేకుండా బయటికి రాను. దానిని తీసి పక్కన పెట్టాలో, అలాగే ఉంచుకోవాలో తెలియలేదు. అలాగే ఉంచుకున్నాను.

"మీ ఫిర్యాదుల తర్వాత నా మీద విచారణ వేశారు మేడం. సూపర్‌వైజరుగా తీసేసి గోదాములో కూర్చోబెట్టారు. సోమవారం ఆఖరి విచారణ. ఆ వాక్యం నిజమని నేను నిలబడితే మీ నాలుగు ఉత్తరాలు నన్ను అబద్ధాలకోరు అంటాయి. అబద్ధమని ఒప్పుకుంటే, మరి స్థిమితంగా ఉన్న మనిషిని కేసు లేకుండా ఎందుకు వదిలావని అడుగుతారు. ఆయన ఉన్నన్నాళ్లు ఈ మాట ఎవరికీ చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆయన్ని ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి చెప్పాను." అతడు చేతులు కట్టుకున్నాడు. "ఇంతేనండి."

రుక్కమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓయమ్మో! అయితే పని పోగొట్టింది మన టీచరమ్మనా? మేము గీ సారును పది నెల్ల సంది తిడుతుంటిమి గదరా."

రుక్కమ్మే మళ్లీ అంది, విస్తరి వైపు చెయ్యి చూపిస్తూ: "ఇగ లే టీచరమ్మా. నీ వంతే మిగిలింది. నీ కోసమే ఆగిండేమో వాడు."

నేను లేచాను. నా కోసం వేసిన కుర్చీ నుంచి బండ దగ్గరికి పాతిక అడుగులుంటుంది. నలభై ఏళ్లు పిల్లలను నిలబెట్టిన మనిషిని. నిలబడినవాడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, ఎటు చూడాలో నాకు బాగా తెలుసు. విస్తరి ముందు నిటారుగా నిలబడ్డాను. అన్నం మీది మెతుకులు ఎండకు గట్టిపడ్డాయి. కోడికూర మీద నూనె పేరుకుంది. వాక్యం కూర్చుకోవడం మొదలుపెట్టాను. ముద్దాయి పేరు మొదటి పంక్తిలో ఉండాలి. విశేషణాలు ఉండకూడదు. "ఐలయ్యా, నేను" అనేదాకా వచ్చింది. ఆ తర్వాతి మాట కోసం ఆగాను.

"జరుగుండ్రి, జరుగుండ్రి టీచరమ్మా, నాకిప్పుడు యాదికొచ్చింది!" అంటూ మల్లేశ్వర్ పరుగెత్తుకొచ్చాడు. బండి డిక్కీలో నుంచి తెచ్చిన చిన్న సీసా మూత తిప్పుతూ విస్తరి అంచున చుట్టూ పోశాడు. "బావా, మొన్న ఉగాదికి క్వార్టర్ తెస్తనని తేలేదు గదనే. నాదే తప్పు. నీ మీద ఒట్టు, మతిల లేకుండె. ఇగో తీస్కో. దశదినాలకు ఫుల్లే తెస్త."

అతడు ఇంకా వంగి ఉండగానే మా వెనుక రెక్కల చప్పుడైంది. ఒక కాకి బండ మీద వాలి, రెండడుగులు పక్కకు వేసి, గుడ్డును పొడిచింది. దాని వెనుక ఇంకోటి. తర్వాత రెండు.

"ముట్టింది! ముట్టింది!" అని అరిచారు. రుక్కమ్మ నేలకు మొక్కింది. మల్లేశ్వర్ ఖాళీ సీసా ఎత్తి చూపిస్తూ, "చెప్పిననా? బావ నా కోసమే ఆగిండు," అంటున్నాడు. పిట్ట ముట్టాక ఇక అక్కడ ఎవరూ నిలబడకూడదు, మాట్లాడకూడదు. అందరూ కాళ్లు కడుక్కోవడానికి నీళ్ల వైపు దిగారు. ఎవరో నా భుజం పట్టి పక్కకు నడిపించారు. నేను చెప్పవలసినది ఎవరికీ అవసరం లేకుండా పోయింది.

టార్పాలిన్ కింద భోజనాల బంతి వేశారు. ఆకలి మీదున్న మనుషులు, మాటలు లేవు. కొండమ్మ వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"కొండమ్మా, నీకు ముందే తెలుసా?"

"ఎరికే."

"నన్ను ఒక్క మాటైనా అనలేదు."

ఆమె గిన్నె కింద పెట్టి కూర్చుంది. "నేనేమనాలె టీచరమ్మా? మీరు పేపర్ల ఏసిన దినం ఆయన గా పేపరు పట్టుకోని ఊరంత తిరిగిండు. పేరొద్దు పేరొద్దు అన్నోడు, పేరున్న కాడ ఏలు పెట్టి సూపెట్టిండు. ముప్పయ్యేండ్లల్ల నేను గంత నవ్వు సూడలే. ఇరవై దినాలకు పని పాయె. గా నవ్వు మీరే ఇచ్చిండ్రు, గీ పని మీరే తీసిండ్రు. దాంట్ల ఎంత దీంట్ల ఎంత అని నన్ను పంచమంటే నాతోని కాదు."

"నన్ను క్షమించమని అడగడం లేదు."

"అడగకుండ్రి. అది నా దగ్గర లేదు. చెయ్యి తీయిండ్రి, బువ్వ సల్లారుతది."

చెయ్యి తీశాను. ఆమె అన్నం పెట్టి, పులుసు పోసి, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లింది. తిన్నాను. వేడిగా ఉందని తెలిసింది, అంతకుమించి తెలియలేదు.

చేయి కడుక్కుని, సంచిలో నుంచి తెల్లకాగితం, పెన్ను తీశాను. అరుణ్‌కుమార్ బయలుదేరబోతుంటే ఆగమన్నాను. కుర్చీ చేతి మీద సంచి పెట్టి, దాని మీద కాగితం ఆనించి రాశాను. స్వరాజ్యం అనే నేను, విశ్రాంత ఉపాధ్యాయినిని, పేరు మొదటి పంక్తిలో. రిజిస్టరు వివరాలను పత్రికకు పంపినది, ఐలయ్య వద్దన్నా అతని పేరు వేయించినది నేనే. అరుణ్‌కుమార్ గారి మీద నేను పంపిన నాలుగు ఫిర్యాదులు విచారించకుండా రాసినవి, వాటిని ఉపసంహరించుకుంటున్నాను. దీనికి ఏ చర్య తీసుకున్నా అంగీకరిస్తాను.

అతడు నిలబడే చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఆ వాక్యం గురించి కూడా ఒక మాట ఉండాలి మేడం," అన్నాడు మెల్లగా. "లేకపోతే సోమవారం విచారణలో మళ్లీ ఆ ప్రశ్నకే వస్తారు."

"ఏ మాట?"

అతనికి చెప్పడం కష్టమైంది. "దాని మీద మీకు అభ్యంతరం లేదని."

నేను కొండమ్మ వైపు చూశాను. ఆమె ఎంగిలి విస్తళ్లు ఎత్తుతున్నది. విన్నది. "రాయిండ్రి," అంది. "ఆయన రాయించుకున్నదే గద."

కాగితం తిరిగి తీసుకున్నాను. ఏ వాక్యాన్ని కొట్టివేయించడానికి పది నెలలు పోరాడానో ఆ వాక్యాన్నే నా చేత్తో మళ్లీ రాశాను: "ఐలయ్య మానసిక స్థితి విధులకు తగినట్లుగా లేదన్న ఉత్తరంపై నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు." అక్షరాలు ఎప్పటిలాగే నిటారుగా వచ్చాయి. కింద సంతకం చేసి ఇచ్చాను.

అరుణ్‌కుమార్ మడవబోయి ఆగాడు.

"తేదీ వేయలేదు మేడం."

వేశాను.